క్సెనోస్ తెచ్చిన అన్నం

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మేం గోడౌన్లు కడుతున్న రోజుల్లో మా సైట్ ఇంజనీరు గ్రీసు దేశపు ముసలాయన. మధ్యాహ్నం నీడన కూర్చుని వచ్చీరాని హిందీలో వాళ్ల పాత భాష గురించి చెప్పేవాడు. ఒకనాడు 'క్సెనోస్' అన్నాడు. పరాయివాడన్నా అదే మాట, అతిథి అన్నా అదే, ఆ అతిథికి అన్నం పెట్టేవాడన్నా అదేనట. కూలికి ఇంకొకరి యుద్ధం చేసే సిపాయిని కూడా అలాగే పిలిచేవాళ్లట.

"అరె, గా సిపాయి మనమే గదా!" అని నవ్వాడు నా గదిలో ఉండే కరీంనగర్ జిల్లా వడ్రంగి. నాకు ఒళ్లు మండింది. ఇన్ని అర్థాలున్న మాటకి అసలు అర్థమే లేనట్టనిపించింది.

ఆ చలికాలంలోనే వడ్రంగి తల్లి పోయిందని టెలిగ్రాం వచ్చింది. పాస్‌పోర్టు మమ్మల్ని వీసా మీద పనికి తెచ్చుకున్న కఫీల్ దగ్గరుంది. కఫీల్ ఊళ్లో లేడు. తలకొరివి పెట్టాల్సిన కొడుకు మంచం మీద కూలబడిపోయాడు.

మా వైపు చావింట్లో పొయ్యి వెలిగించరు. చుట్టాలో ఇరుగుపొరుగో అన్నం వండి తెచ్చి, బలవంతంగానైనా నాలుగు ముద్దలు తినిపిస్తారు. క్యాంపులో తెలుగువాళ్లందరికీ ఒకటే పొయ్యి. అది ఆర్పేశాక ఇక తెచ్చేదెవరు? మేం హోటల్ రొట్టెలతో కానిచ్చాం. అతను ముట్టలేదు.

"కొన్న కూడు నాకద్దు భాయ్. ఎవలన్న అండి తెస్తె తింట."

మర్నాడూ మంచినీళ్లే. మనిషి వాడిపోతుంటే చూడలేక, పంతానికి ఇదా చోటు అని కసిరాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వంట ఎందుకు ఆగిందని ఇంజనీరు అడిగితే చెప్పాను. సాయంత్రం ఆయన గిన్నె పట్టుకుని వచ్చాడు. తనే వండాడట. అన్నం ముద్దయిపోయింది, ఉప్పు లేదు. వడ్రంగి పక్కన కూర్చుని తన చేత్తోనే ముద్ద చేసి నోటికందించాడు. అది మింగాక వడ్రంగికి అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది. "అవ్వా" అని ఒక్కటే అరుపు. నేనూ ఏడ్చాను.

గిన్నె ఖాళీ అయ్యాక ఆయన లేచి, మేం నేర్పిన ఒకే ఒక్క తెలుగు మాట అన్నాడు: "పోయొస్త."

అందరం బిగుసుకుపోయాం. చావింటి నుంచి కదిలేటప్పుడు మళ్లీ వస్తానని ఎవరూ అనరు. అంటే ఇంకో చావుని పిలిచినట్టేనని భయం. తప్పు సార్, అనబోయాను.

వడ్రంగి తలెత్తాడు.

"రా సారూ. నువ్వు గాకుంటె మాకు ఎవలొస్తరు?"