శుక్రవారం నిప్పు

ఓనరు ఇల్లు ఖాళీ చేయమంటే నోరా ఒక్క పరుషమైన మాట అనలేదు. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఆ పాత ఇంటి స్థలాన్ని డేటా సెంటర్‌కి అమ్మేశాడు. అమ్ముకునే హక్కు అతనిది. ఏళ్ల తరబడి స్కూల్ బస్సు నడిపి, అల్లరి పిల్లల్ని అద్దంలోంచి ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి ఇల్లు మారడానికి బెదిరిపోతుందా?

ఆవిడ పట్టుదల ఒక్కటే. కట్టెల పొయ్యిలో నిప్పు ఆరకుండా కూతురింటి పొయ్యికి చేర్చాలి. ఐర్లాండ్‌లో వాళ్ల నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు జమీందారు మనుషులు ఇల్లు ఖాళీ చేయించడానికొచ్చి ముందు పొయ్యిలో నీళ్లు పోశారట, ఆ తర్వాతే కప్పు కూల్చారట. పొయ్యి ఆరితే ఆ ఇల్లు ఇక వాళ్లది కానట్టే లెక్క. నాయనమ్మ ఆ కథ ఎప్పుడూ కోపంగానే చెప్పేది. అందుకే చలికాలమంతా నోరా నిప్పుల మీద బూడిద కప్పి గానీ పడుకోదు.

పక్కింటి జ్ఞానప్రసూనకి ఆ నిప్పు భలే అక్కరకొచ్చింది. సాంబ్రాణి ధూపానికి కొట్లో దొరికే బొగ్గు బిళ్లలు ఆవిడకి గిట్టవు, మందుగుండు వాసనట! ప్రతి శుక్రవారం ఇనప గరిటె పట్టుకుని నోరా దగ్గరికి వచ్చేది. కాసేపటికి ధూపం పొగకి వాళ్లింట్లో స్మోక్ అలారం లబోదిబోమనేది. మొగుడు ఫణికుమార్ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరేవాడు. వీధి వీధంతా నవ్వుకునేది.

ఇల్లు వదిలే రోజూ శుక్రవారమే పడింది. నోరా పెట్టెలు కూతురింట్లో దింపి, నిప్పు కోసం రేకు బకెట్‌తో తిరిగొచ్చింది. ఈలోగా ఓనరు పంపిన మనిషి పొయ్యిలో నీళ్లు కుమ్మరించేశాడు.

"సేఫ్టీ కోసం మేడమ్," అన్నాడు మర్యాదగా.

ఆ నల్లటి బురద చూడగానే నోరా గుమ్మంలో కూలబడి ఏడ్చేసింది. నాయనమ్మ చూసిందే తనూ చూడాల్సి వచ్చింది.

అప్పుడే పక్కింట్లో అలారం మోగింది.

నోరా కళ్లు తుడుచుకుని బకెట్ అందుకుంది. వెళ్లేసరికి తలుపు దగ్గర ప్రసూన పొగలో దగ్గుతోంది. ఆవిడ చేతిలోని ధూపం గిన్నెలో రెండు నిప్పులు కణకణలాడుతున్నాయి.

"సారీ నోరా, నువ్వు ఇంట్లో లేవని ఇందాక అడక్కుండానే నీ పొయ్యిలోంచి నిప్పులు తెచ్చేసుకున్నా. నీ తాళం నా దగ్గరుందిగా," అంది ప్రసూన.

లోపల ఫణికుమార్ అప్పుడే కుర్చీ ఎక్కుతున్నాడు.

"ఆపకు ఫణీ!" అంది నోరా. "మోగనీ. మా నాయనమ్మకి వినపడాలి."