చల్లారితే సరిపోయే కార్లు

మావయ్య పోయాడన్న కబురు నాకు దుర్గ్ కోర్టు వరండాలో అందింది. కార్మికుల కేసులు చూసే ఒక వకీలు దగ్గర పనిచేస్తాను నేను. ఆ పూట ఒక పిటిషన్లో ‘అన్యాయం’ అన్న మాట నాలుగుసార్లు వచ్చిందని ఆయనా, నాలుగూ ఉండాల్సిందేనని నేనూ తగువు పడుతున్నాం. ఫోన్లో అత్తయ్య గొంతు. “మీ మావయ్య ఎల్లిపోయారే గుంటా. టీ అడిగినారు. తెచ్చేసరికి...” ముక్కు చీదుకుంది. “టీ అలాగే ఉందే” అంది.

ఆయనకీ నాకూ రక్తసంబంధం లేదు. భిలాయి సెక్టర్ 4లో ఆయన క్వార్టర్ వెనక గదిలో మా అమ్మా నాన్నా నేనూ పదేళ్ళున్నాం. రెండు కుటుంబాలదీ విజయనగరం వైపే కావడంతో ఆయన మావయ్య అయ్యాడు, నేను గుంటనయ్యాను, మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు. యాభై దాటినా గుంటనే. ఆయన ఉక్కు ప్లాంటులో పర్మినెంటు. మా నాన్న ఒక కాంట్రాక్టరు దగ్గర కారు డ్రైవరు. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడ సంగతి నాకు చిన్నప్పుడే అర్థమైంది, ఇప్పటికీ మర్చిపోలేదు. మర్చిపొమ్మనేవాళ్ళెవరైనా ఉంటే పోట్లాటకి సిద్ధం.

సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో దండలు మొదలయ్యాయి. ‘మహా కళాకారుడు’, ‘భిలాయి ముద్దుబిడ్డ’. నాకు ఒళ్ళు మండింది. బతికుండగా ఈ పెద్దమనుషులు ఆయన చేసిన చెక్క కార్లని చూసి ఏమన్నారో నేను విన్నాను. డబ్బున్నవాడు అద్దాల బీరువాలో కారు బొమ్మలు పేర్చుకుంటే దాన్ని హాబీ అంటారు. ప్లాంటులో ముప్పై ఏళ్ళు చెక్క చెక్కినవాడు ఇంటికొచ్చి అదే చెక్కతో కారు చేసుకుంటే పిచ్చి అంటారు. ఈ ముక్క ఎంత కోపంగా రాస్తున్నానో అంత నిజంగా ఇంకో ముక్క కూడా రాయాలి. ఆ పిచ్చి అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

మావయ్య కళాకారుడు కాదు. పాట్రన్ మేకర్. కరిగిన లోహం పోయడానికి ఇసుకలో అచ్చు కావాలి, ఆ అచ్చు తియ్యడానికి ముందుగా ఆ వస్తువుని చెక్కతో చెయ్యాలి. ఆ చెక్క రూపమే పాట్రన్. దాన్ని చేసే పని ఆయనది. అందులో ఒక కిటుకుంది. ఉక్కు చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, వందకి రెండు పాళ్ళ దాకా. అంచేత పాట్రన్ షాపులో వాడే స్కేలే ఆ మేరకు పొడుగ్గా ఉంటుంది. దాని మీద అడుగని రాసి ఉన్నది మన అడుగు కంటే రవంత ఎక్కువ. చెక్క పెద్దదిగా చేస్తేనే చల్లారిన ఉక్కు సరైన కొలతకి దిగుతుంది.

మావయ్య మొదటి కారు, ఒక ఫియట్ టాక్సీ, ఆ స్కేలు పెట్టి చేసేశాడు. అసలు కారులో ఇరవయ్యో వంతు రావాలి. చేతికి అలవాటైన స్కేలు కాబట్టి ఆ సంగతే తట్టలేదు. చెక్క కారు ఎక్కడ చల్లారుతుంది, ఎక్కడ కుంచించుకుపోతుంది? ఆదివారం పొద్దున్నే పాత కార్లవాళ్ళు చేరే మైదానానికి దాన్ని పట్టుకెళ్ళాడు. ఎవరో కుర్రాడు విదేశం నుంచి తెప్పించుకున్న ఇనప బొమ్మ, అదే ఫియట్, అదే లెక్క, పక్కన పెట్టాడు. మావయ్య కారు ముక్కు బయటికి పొడుచుకొచ్చింది. “అంకుల్, ఆప్‌కీ గాడీ తో మోటీ హో గయీ!” అని కుర్రాడు వెక్కిరించాడు. లావెక్కిపోయిందని అందరూ నవ్వారు. “మోటీ నహీ బేటా, గరమ్ హై. ఠండీ హోనే దో” అన్నాడు మావయ్య. ఇంకా వేడిగా ఉంది, చల్లారనీ అని.

మరి మామూలు స్కేలు కొనుక్కోలేదా? కొన్నాడు. దాంతో అత్తయ్య జాకెట్టు గుడ్డలు కొలుచుకునేది. ఆయన చెయ్యి మాత్రం పాత స్కేలు మీదికే వెళ్ళేది. ఆ తర్వాత చేసిన కార్లన్నీ, జీపు, వాన్, మూడు రకాల అంబాసిడర్లు, అన్నీ ఆ రవంత పెద్దవే.

రిటైరై, క్వార్టర్ వదిలి పక్కనే ఉన్న రిసాలికి వచ్చాక వెనక వరండానే ఆయన షాపు. ప్యాకింగ్ పెట్టెల చెక్క, పాత హవాయి చెప్పుల నుంచి కోసిన టైర్లు, మాత్రల అట్ట వెనక రేకుతో బంపర్ల మెరుపు. అద్దాలకి కడిగేసిన ఎక్స్‌రే ఫిల్ము. తన ఛాతీ ఎక్స్‌రేని కూడా వదల్లేదు. “నా ఊపిరితిత్తుల్లోంచి రోడ్డు కనపడతాది సూడు” అని ఒక వాన్ నా కళ్ళ ముందు పెట్టాడు. రంగులకి గోళ్ళరంగు సీసాలు. ఎర్రదొకటి, తెల్లదొకటి ఇమ్మని ఆయన అడుగుతుంటే కొట్టువాడు ముసలాణ్ణి ఎగాదిగా చూసేవాడట. “మా ఆవిడికి” అనేవాడు. అత్తయ్య గోళ్ళకి ఏనాడూ రంగు లేదు.

మైదానానికి వెళ్ళింది మాత్రం ఎప్పుడూ సైకిలు మీదే. జీవితంలో కారు కొనలేదు. జేబులో టేపు, చెవి మీద పెన్సిలు. కార్లవాళ్ళు బానెట్లు ఎత్తి “ఆయియే దాదా” అని రమ్మని పిలిచేవారు. వాళ్ళు ఇంజన్ చూపిస్తుంటే ఈయన మోకాళ్ళ మీద కూర్చుని డ్రైవరు తలుపు కింద అరిగిన చోటు చూసేవాడు. పెడల్ రబ్బరు ఏ వైపు తరిగిందో, గేరు రాడ్ గుండు ఎంత నున్నబడిందో రాసుకునేవాడు. కొత్త కారు దగ్గర ఆగేవాడు కాదు. “దాని మీద ఇంకా ఎవరూ పని సెయ్యలేదు కదేటి, ఏటి సూస్తాం” అనేవాడు.

ఇది నాకు వినబడాల్సింది. వినలేదు. నేను రోడ్ల మీద ఒక వ్యాసం రాశాను. సైకిళ్ళని డ్రైనేజీ అంచుకి నెట్టేసి కార్ల కోసం రోడ్లు వెడల్పు చేసే పద్ధతి మీద. అందులో ప్రతి మాటకీ ఈ రోజుకీ కట్టుబడి ఉన్నాను, ఒక్క వాక్యానికి తప్ప. ‘ఉక్కు పోసిన చేతులే యజమానుల కార్లకి బొమ్మలు చేసి కొలుచుకుంటున్నాయి’ అని రాశాను. పేరు లేదు. పేరెందుకు, ఊళ్ళో అలాంటివాడు ఇంకొకడు ఉంటేగా.

పై ఆదివారం వెళ్ళాను. పత్రిక వరండాలో బల్ల మీదే ఉంది, దాని మీద రంపం పొట్టు.

“చదివావా మావయ్యా?”

“సదివినాను. బాగా రాసినావు. కాపోతే ఏడి మీదుండగానే కొలిసినావు గుంటా. సల్లారినాక ఎంత తగ్గుతాదో సూసుకోవాల.”

“చల్లారేదాకా ఆగితే ఈ దేశంలో ఎవరికీ న్యాయం జరగదు.”

“ఆగమన్నానేటి? కొలతలో ఏసుకోమన్నాను.”

నాకు కోపం వచ్చింది. పత్రిక మీది పొట్టు విసురుగా దులిపేశాను. ఆయన చెక్క ముక్క మీదికి వంగి, “సర్లే గానీ, మీ నాన్న నడిపిన అంబాసిడర్‌కి ఎడం మడ్‌గార్డు మీద సొట్టుండేది. ఏ మూలనే అది?” అని అడిగాడు.

“ఆ కారు మా నాన్నది కాదు. దాని ఓనర్ని అడుగు.”

“ఓనరు ఎనక సీట్లో కూకునేవోడు. ఆడికేటి తెలుస్తాది?”

చెప్పు తొడుక్కుని వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. ఏడు నెలలు.

ఎందుకు చెప్పలేదో మీకు చెప్పాలి. ఆ సొట్ట పెట్టింది నేను. అప్పుడు నాకు పదేళ్ళు. మావయ్య సైకిలు మీద అడ్డ తొక్కుడు నేర్చుకుంటూ, క్వార్టర్ ముందు ఆపి ఉన్న ఆ అంబాసిడర్ మీద పడ్డాను. హ్యాండిల్ కొన మడ్‌గార్డులోకి దిగింది. నాన్న ఒక్కడే చూశాడు. మర్నాడు కాంట్రాక్టరుతో “గేటు స్తంభం తగిలిందండీ, నాదే తప్పు” అన్నాడు. వీధి వీధంతా వింటుండగా ఆ మనిషి నాన్నని తిట్టాడు. నాన్న సీటు తుడిచే తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. తిట్టడం అయ్యాక వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. నేను కిటికీ వెనక ఉన్నాను. నేనే అని బయటికి రాలేదు. నాన్న పోయేదాకా ఆ మాట మా మధ్య రాలేదు. ఆ కాంట్రాక్టరు మీద నా కోపం న్యాయమైనదే, ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ ఇన్నేళ్ళుగా నేను వాళ్ళందరి మీదా చూపిస్తున్న కోపంలో ఎన్నో వంతు నా మీదదో నేనెప్పుడూ కొలుచుకోలేదు.

ఆ సాయంత్రం వంకరపోయిన సైకిలుని మావయ్యకి అప్పగించి “పడ్డాను” అన్నాను. ఆయన ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి హ్యాండిల్ సరిచేశాడు. ఎక్కడ పడ్డావని అడగలేదు.

పదో రోజు కార్యం అయ్యి చుట్టాలు భోజనాలకి లేచాక, అత్తయ్య మంచం కింద నుంచి పాత చీరలో చుట్టిన పెట్టె లాగింది. “ఇది నీదంట. రంగు పూర్తిగా ఎయ్యలేదు. గుంట వచ్చి సెప్పాల, అప్పుడేస్తానన్నారు.”

అంబాసిడర్. నాన్న నడిపిందే. డ్రైవరు సీటు ఒక పక్కకి కుంగి ఉంది, నాన్న అలాగే ఒరిగి కూర్చునేవాడు. సీటు వీపు మీద కట్టు గుడ్డ ముక్కతో చేసిన తువ్వాలు. డ్రైవరు తలుపు గోటితో లాగితే తెరుచుకుంది. వెనక తలుపు లాగాను, రాలేదు.

“అది తెరుసుకోదే” అంది అత్తయ్య. “ ‘గుంట నాన్న ఇంక దిగి ఎవడికీ తలుపు తియ్యక్కర్లేదు’ అన్నారు.”

యజమాని కారుకి బొమ్మ అని నేను రాసింది దీని గురించి.

ఎడం మడ్‌గార్డు మాత్రం రంగు లేకుండా ఉత్త చెక్కగానే ఉంది. దాని మీద అడ్డంగా సన్నటి పెన్సిలు గీత, గీత మీద మూడు చోట్ల ప్రశ్నార్థకాలు. ముందు ఒకటి, మధ్యలో ఒకటి, తలుపు వైపు ఒకటి. గీత చివర, చీమ తలకాయలంత అక్షరాల్లో, ‘హ్యాండిల్ ఎత్తు’ అని ఉంది.

మడ్‌గార్డుకి హ్యాండిల్ ఉండదు. సైకిలుకుంటుంది. ఆయన తన సైకిలుని కొలిచి ఆ గీత గీశాడు. అంటే ఎవరు పెట్టిన సొట్టో ఆయనకి తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. ఏ మూలనే అని అడిగిన ఆ ఆదివారం, నలభై ఏళ్ళుగా నేను నోరు విప్పని దానికి ఆయన తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేను చెప్పు తొడుక్కుని వచ్చేశాను.

“ఏటే, ఏటుందక్కడ?”

మధ్య గుర్తు మీద వేలు పెట్టాను. “ఇక్కడ అత్తయ్యా. నేనే. మావయ్య సైకిలుతో గుద్దేశాను. తిట్లు నాన్న తిన్నాడు.”

అత్తయ్య కళ్ళజోడు పైకి జరుపుకుని ఆ చెక్క మీదికి వంగి చూసింది. “ఇంతేనా?” అంది. తర్వాత నా తల మీద చెయ్యి వేసి, లోపల వడ్డించేవాళ్ళని పప్పు వెయ్యమని కేకేసింది.

కారు ఇంటికి తెచ్చాను. మిగతా రెండు గుర్తులూ రబ్బరుతో చెరిపేశాను, మధ్యది ఉంచాను. చెక్కలో సొట్ట చెక్కే పనితనం నాది కాదు, రంగూ వెయ్యలేదు. పుస్తకాల బీరువాలో కింది అరలో ఒక మూల ఖాళీ చేసి పెడితే అద్దం తలుపు పడలేదు. ఆ రవంత దగ్గరే బంపర్ తగులుతోంది. పక్కకి తిప్పడానికి పుస్తకాలు అడ్డం, వెనక్కి నెట్టడానికి బీరువా వీపు అడ్డం. వడ్రంగిని పిలిచి కారుని స్కేలు మీద రెండు గీతల మేర చెక్కిస్తే తలుపు పడుతుందన్నారు ఇంట్లో.

వద్దన్నాను. రాసుకుంటూ తలెత్తినప్పుడల్లా కనబడుతుంది. వేలెడు సందు వదిలి ఆగిపోయిన తలుపు, సందులోంచి కాస్త బయటికి వచ్చిన కారు ముక్కు.