అత్త కట్టిన మల్లెపూలు

ధర్మవరంలో నేను బాలింతగా ఉన్నప్పటి సంగతి ఇది. రొమ్ము వాచి జ్వరం వస్తే డాక్టరమ్మ యాంటీబయాటిక్ మాత్రలు రాసింది. మా అత్త ఒప్పుకోలేదు.

"మాత్రల ఇసం పాలల్లోకి దిగుతాది. పాలు మాన్పాల్సిందే" అంటూ, పాలు ఇంకిపోవడానికి మా వైపు చేసినట్టే నా రొమ్ములకు మల్లెపూలు కట్టింది. మధ్యాహ్నానికి నొప్పితో నేను, ఆకలితో పాప ఏడుస్తున్నాం. భయపడి ఆమే మమ్మల్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ పూలు విప్పించింది. "ఏమ్మా, ఇవి తలలో పెట్టేటివి గదా. పాలిస్తాండాదని తెలిసే ఈ మందు రాసినా. పాలు ఆపితే చీముగడ్డ అయితాది. మాత్రలు మధ్యలో మానొద్దు, పాలూ మానొద్దు. బిడ్డకు విరేచనాలైతే నాకు చెప్పండి."

పాప అక్కడే పాలు తాగింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త మెల్లగా అంది: "నా తొలి బిడ్డ, నేను మాత్రలు మింగుతాండేటప్పుడే పోయినాది. నా పాలే చంపినాయనుకుంటా వచ్చినా, ఇన్నేండ్లూ."

నేను పాపను ఆమె ఒడిలో పెట్టాను. ఇల్లు చేరేదాకా ఆ చిన్న పాదాలు పట్టుకునే కూర్చుంది.

అత్త పోయి ఏడాదైంది. ఆ మాట ఆమె తన కొడుకుతో కూడా ఎన్నడూ అనలేదట.