ఎండు నెత్తళ్ల పరీక్ష

లాక్‌డౌన్ రోజుల్లో నాకు పూటకో జబ్బు వచ్చేది. టీవీలో గొంతునొప్పి అంటే గొంతు పట్టేసేది, ఆయాసం అంటే ఊపిరి అందేది కాదు. మా ఆయన గూడ్సు డ్రైవరు. బిలాస్‌పూర్ అంతా తలుపులు మూసుకున్నా సీపత్ కరెంటు ప్లాంటుకు బొగ్గు వెళ్లాలి కదా, ఆయనకు డ్యూటీ తప్పలేదు. పెరటి కుళాయి దగ్గర స్నానం చేస్తే గానీ ఆయన్ని ఇంట్లోకి రానిచ్చేదాన్ని కాదు. ఆక్సిజన్ చూసే మిషను నా వేలికే ఉండిపోయేది.

"ఏటే, దాన్ని ఒగ్గీవా? వేలు నల్లబడిపోతాది," అనేవారు.

అన్నిటికంటే పెద్ద భయం వాసన గురించి. వాసన తెలియకపోతే జబ్బు వచ్చినట్టేనని అందరూ అంటున్నారు. సబ్బు వాసన చూస్తే, అది నిజంగా వచ్చిందా, అలవాటు కొద్దీ వచ్చిందనుకున్నానా అని అనుమానం. కాఫీ మీదా అదే అనుమానం. చివరికి విసుగెత్తి, ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు నెత్తళ్ల డబ్బా దించి, గుప్పెడు మూకుట్లో వేశాను. ఇల్లంతా గుప్పుమంది. ఆ వాసనను ఊహించుకోవడం ఎవరి తరమూ కాదు. ఇక రోజూ పొద్దున్నే అదే నా పరీక్ష.

పక్క క్వార్టర్ ఆవిడ చేప ముట్టదు. మా వంటింటి కిటికీకి ఎదురుగానే ఆవిడ కిటికీ. మూకుడు పెట్టగానే "ఛీ ఛీ, ఫిర్ మఛ్‌లీ!" అని, మళ్లీ చేపలేనా అన్నట్టు ధడాలున మూసేది. మామూలు రోజుల్లో అయితే సిగ్గుపడి మానేసేదాన్ని. ఇప్పుడు కావాలనే ఇంకాసేపు వేయించేదాన్ని. ముందు బతకనీ, మర్యాద సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాను.

ఒకరోజు ఆ కిటికీ మూసుకోలేదు. ఆవిడ అక్కడే నిలబడి తాపీగా టీ తాగుతోంది.

"వాసన రావట్లేదా దీదీ?" హిందీలో అడిగాను.

"ఏం వాసన?" అంది. అని, కప్పు కింద పెట్టేసింది.

ఆవిడ ఇంట్లో ఒక్కతే. భర్త తఖత్‌పూర్‌లో తల్లిని చూడబోయి అక్కడే చిక్కుకుపోయాడు. సాయంత్రానికి జ్వరం తగిలింది. ఇంట్లోనే ఉండి ఆక్సిజన్ చూసుకోమని, అది పడిపోతే ఆసుపత్రికి రమ్మని డాక్టరు ఫోన్లో చెప్పాడు. ఆవిడ దగ్గర మిషను లేదు. బజారులో దొరకడం లేదు.

నా వేలి నుంచి దాన్ని తీసి, మళ్లీ తగిలించుకున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది. జబ్బు ఆవిడకొస్తే, నేనింకా నా వేలినే చూసుకుంటున్నానా? మిషనునూ, గంజి గిన్నెనూ పెరటి గోడ మీద పెట్టి, తీసుకోమని కేక వేశాను.

"ఇచ్చీసినావా? మరి నీకో?" అన్నారు మా ఆయన.

"నాకు నెత్తళ్లున్నాయి," అన్నాను.

రోజూ పొద్దున్న ఆవిడ కిటికీలోంచి ఆక్సిజన్ అంకె చెప్పేది. నేను నెత్తళ్లు వేయించేదాన్ని. వాసన తెలియలేదని తల అడ్డంగా ఊపేది, ఒక్కోసారి కొంగుతో కళ్లు తుడుచుకునేది. రేపు తెలుస్తుందిలే దీదీ అని గట్టిగా అరిచేదాన్ని. డబ్బా అడుగు కనిపిస్తోంది. ఊరి నుంచి తెచ్చేవాళ్లు లేరు. అయినా మానలేదు.

ఒక పొద్దున్న మూకుడు వేడెక్కింది. ఆవిడ ముక్కు చిట్లించింది. మళ్లీ పీల్చి చూసింది.

"ఛీ ఛీ, ఫిర్ మఛ్‌లీ!"

కిటికీ ధడాలున మూసుకుంది. దాని వెనక ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, డబ్బాలో మిగిలిన నెత్తళ్లన్నీ మూకుట్లో పోసేశాను.