బానెట్ మీది ఆవిడ

మా బావ మీసం తీసేశాడు. అనుమానం అక్కడ మొదలైంది.

యాభై దాటిన మగవాడు ఉన్నట్టుండి మీసం ఎందుకు తీస్తాడు? మా అక్క అదే అడిగితే, "షెడ్డులో కొత్త మాస్కులు ఇచ్చారు. మీసం ఉంటే సరిగ్గా అతుక్కోవట్లేదు, సందులోంచి రంగంతా ముక్కులోకి పోతోంది" అన్నాడట. మాటయితే బాగానే ఉంది. మా బావ చెప్పే ప్రతి మాటా బాగానే ఉంటుంది. నాకు నచ్చనిదీ అదే.

నేను రైళ్లలో టికెట్లు తనిఖీ చేస్తాను. పెట్టెలోకి అడుగు పెట్టగానే టికెట్ లేనివాడెవడో మొహం చూసి చెప్పేస్తాను. నిద్రపోతున్నట్టు నటించేవాడు, కిటికీలోంచి మరీ శ్రద్ధగా బయటికి చూసేవాడు, నన్ను చూసి అవసరానికి మించి నవ్వేవాడు. వీళ్లంతా నాకు కొట్టిన పిండి. అందుకే ఇంట్లో ఏ కూపీ లాగాలన్నా అక్క నాకే ఫోన్ చేస్తుంది.

బావ కార్లకు రంగు వేస్తాడు. దెబ్బ తిన్న తలుపో బానెట్టో షెడ్డుకు వస్తే, డెంటింగ్ మేస్త్రి సుత్తి పెట్టి సొట్ట తీస్తాడు. ఆ తరువాత బావ పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ పూత కొట్టి, కారు పాత రంగులో కలిసిపోయేలా కొత్త రంగు కలిపి స్ప్రే గన్నుతో కొడతాడు. ఎండకు వెలిసిపోయిన ఎరుపును కూడా పక్క తలుపుకు తేడా తెలియకుండా కలిపేస్తాడు. దెబ్బ ఎక్కడ తగిలిందో ఆ కారు తోలేవాడే వెతుక్కోవాలి. అంతటి పనిమంతుడు ఇంట్లో మాత్రం ఏదైనా దాచలేడా అని మా అక్క బాధ.

ఆ బాధకు పాత కారణం ఒకటి ఉంది.

పెళ్లికి ముందు బావ బొమ్మలు వేసేవాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నా అన్నవాళ్లు లేని మనిషి, ఒక ఇరుకు గది అద్దెకు తీసుకుని ఒక్కడే ఉంటూ తనంతట తానే సాధన చేసుకున్నాడు. షాపుల బోర్డులు, గోడలు, ఏవి దొరికితే అవి. పెళ్లయిన కొత్తలో అక్కను వీధులన్నీ తిప్పి, "ఇది నేను వేసిందే, అదీ నాదే" అని వేలు పెట్టి చూపించాడట. పాపం, సంబరపడిపోయి చూపించాడు. టైలరు షాపు బోర్డు మీద కొత్త గౌను తొడుక్కున్న ఆవిడ. సబ్బుల కొట్టు గోడ మీద చెంపలు కడుక్కుంటున్న ఆవిడ. పళ్ల డాక్టరు బోర్డు మీద పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఆవిడ. బట్టలు మారాయి, జుట్టు మారింది. మొహం మాత్రం ఒక్కటే. కొనదేలి కొంచెం వంగిన ముక్కు, బయటి వైపుకు వాలిన కళ్లు, నిండు పెదవి.

"ఎవరావిడ?" అంది అక్క.

"ఎవరూ లేరు" అన్నాడు బావ.

"ఎవరూ లేకుండా ఒకే మొహం ఎలా వస్తుందండీ?"

 అంతే, కొత్త కాపురంలో అగ్గి రాజుకుంది. మేమూ ఊరుకోలేదు. మా పిన్ని బస్సుల్లో, నేను రైళ్లలో, ఆ ముక్కు కోసం కళ్లల్లో వత్తులు వేసుకుని వెతికాం. దొరకలేదు. దొరకకపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. చివరికి ఒక రోజు బావ తన కుంచెలన్నీ డబ్బాతో సహా ఎవరికో ఇచ్చేసి షెడ్డులో చేరాడు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా ఒక్క గీత గీస్తే ఒట్టు. వాళ్ల పిల్లాడు బడిలో వేసుకురమ్మన్న ఏనుగు బొమ్మ వేసిపెట్టమని ఏడిస్తే, "నాకు రాదు నాన్నా" అన్నాడు.  రోడ్డు మీద కూడా తల దించుకునే నడిచేవాడు. తప్పు చేసినవాడి నడక అని మేం తేల్చేశాం.

ఇప్పుడు ఈ మీసం. దాని వెనకే ఇంకొన్ని బయటపడ్డాయి. ఇన్నేళ్లూ రంగులో కలిపే థిన్నర్ వాసనతో ఇంటికొచ్చే మనిషి సబ్బు వాసనతో రావడం మొదలుపెట్టాడు. ఒక రోజు అన్నం డబ్బా తోముదామని ఆయన సంచి తెరిస్తే అడుగున అరచేతంత అద్దం.  చివరగా గోళ్లు. అవతలి వారం ఆయన నిద్రపోతుంటే అక్క చెయ్యి పట్టుకుని చూసిందట. బొటనవేలి గోరు కింద సన్నగా రంగు.

"ఏం రంగు?" అన్నాను ఫోన్‌లో.

"ఒంటి రంగే. మనిషి చెంప రంగు" అంది అక్క. "ఆ రంగు కారు ఎక్కడైనా చూశావా నువ్వు?"

చూడలేదు. బావ మళ్లీ బొమ్మలు మొదలుపెట్టాడు. అది ఖాయం. ఎవరి బొమ్మ అన్నదే మిగిలింది.

మర్నాడే అక్క పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. "షెడ్డుకు పోదాం పద. వేరే ఏ బొమ్మయినా సరే, నోరు మూసుకుని ఇంటికి వెళ్లిపోతాను. ఆ మొహమే ఉంటే మాత్రం మళ్లీ ఆయన గడప తొక్కను, నీ దగ్గరే ఉండిపోతాను" అంది. మా అక్క ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే రకం కాదు. చలికాలం బట్టలు కూడా పెట్టుకొచ్చింది. ఆ పెట్టె నేనే మోశాను.

మేం వెళ్లేసరికి షెడ్డులో భోజనాల వేళ. డెంటింగ్ మేస్త్రి ఒక చేత్తో ముద్ద కలుపుతూనే మమ్మల్నీ, పెట్టెనూ ఎగాదిగా చూశాడు.

"వెనకాల ఉన్నాడమ్మా. ఈ టైములో అటువైపు ఎవర్నీ రానివ్వడు" అన్నాడు.

రానివ్వడట! అక్క నడక వేగం పెరిగింది. షెడ్డు వెనక రేకుల చాటున విరిగిన బంపర్లు, అద్దాల్లేని తలుపులు, పనికిరాని సీట్లు. వాటి మధ్య బోర్లించిన రంగు డబ్బా మీద బావ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గోడకు ఆనించి ఒక పాత బానెట్, ప్రైమర్ కొట్టి నున్నగా తీసింది. ఎడమ చేతిలో ఆ చిన్న అద్దం, కుడి చేతిలో సన్న కుంచె.

బానెట్ మీద ఆవిడ ఉంది.

అదే ముక్కు, అవే కళ్లు, అదే పెదవి. ఒక చెంప ఇంకా పూర్తి కాలేదు. కింద గరుకు కాగితంతో రుద్దేసిన పాత బొమ్మల జాడలు, ఒకదాని మీద ఒకటి.  అక్క నా చేతిని గట్టిగా పట్టుకుంది.

బావ మమ్మల్ని చూసి గబుక్కున లేచాడు. డబ్బా దొర్లిపోయింది.

"అది కాదే... బానెట్ ఊరికే పడుంది. కారాయన మళ్లీ రాలేదు. ప్రైమర్ కొట్టాక నున్నగా కనిపించింది, చెయ్యి ఆగలేదు. అంతే. బొమ్మ చాలాసార్లు చెడిపోయింది. కళ్లు వేస్తే హెడ్‌లైట్లలా వచ్చాయి. మళ్లీ మొదటి నుంచీ నేర్చుకుంటున్నా."

"ఎవరండీ ఆవిడ?" అంది అక్క. అన్నేళ్ల కిందటి ప్రశ్న, అదే గొంతు.

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోతే ఆ ముక్కు ఎక్కడిదండీ? నా మీద ఒట్టేసి చెప్పండి!"

బావ బొమ్మ పక్కకు జరిగి దాని వైపు చూశాడు. మళ్లీ మా వైపు తిరిగాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడినట్టయింది, బావా, ఆవిడా. ఆయన మూతి మీద ఇప్పుడు మీసం లేదు.

నేను పెట్టె కింద పెట్టేశాను.

"అక్కా" అన్నాను, "అది బావే."

అక్క బొమ్మను చూసింది. బావను చూసింది. వంగిన ముక్కు రెండు చోట్లా ఉంది. వాలిన కళ్లూ అంతే. మీసం కింద ఇన్నేళ్లు దాక్కున్న నిండు పెదవి ఎండలో బయటపడింది. మొహాలు చూసి మనుషుల్ని పట్టేసే నాకు, ఎన్నోసార్లు ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మొహం తెలియలేదు! వాళ్ల పిల్లాడైనా ఆయన పోలికలతో పుట్టి ఉంటే ఎప్పుడో తెలిసిపోయేదేమో. వాడు అచ్చం అక్కే.

బావ నా మాట నమ్మలేదు. అద్దం ఎత్తి చూసుకున్నాడు, బానెట్ చూశాడు, మళ్లీ అద్దం చూసుకున్నాడు.

"గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి కదా" అన్నాడు మెల్లగా. "బొమ్మకు కూర్చోమని ఎవర్ని అడుగుతాను? అప్పటికి మీసం కూడా లేదు. ఇంత అద్దం ఉండేది. ఓసారి కన్ను, ఓసారి ముక్కు, ఒక్కో ముక్కే చూసుకుంటూ వేసేవాణ్ణి. చేతికి అదే అలవాటైపోయింది. నేనని నాకు తెలీదే."

"మరి అప్పుడే అది చెప్పొచ్చు కదండీ!"

"తెలిస్తే కదా చెప్పడానికి? నువ్వు అంత గట్టిగా అడుగుతుంటే నాకూ అనుమానమే వచ్చింది. నిజంగా ఎవరో ఉండే ఉంటుంది, నేనే మర్చిపోయానేమో అని."

అక్క నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మొగుడి మొహాన్నే సవతి అనుకుని అన్నేళ్లు కాపురం చేసిన మనిషి ఇంకేం చేస్తుంది? నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ ఇచ్చేసిన కుంచెలు గుర్తొచ్చాయి, పిల్లాడి ఏనుగు గుర్తొచ్చింది.

అక్క కళ్లు తుడుచుకుని, దొర్లిపోయిన డబ్బా తెచ్చి ఆయన ముందు బోర్లించి కూర్చుంది.

"ఆ అద్దం ఇలా ఇవ్వండి" అని తీసుకుని పెట్టెలో వేసేసింది. "ఇంక నన్ను చూసి వేయండి."

బావ కాసేపు కుంచె వైపే చూశాడు. తరువాత తలెత్తాడు. ఆయన ఒక మనిషి వైపు అంతసేపు కళ్లెత్తి చూడటం నేను ఎప్పుడూ చూడలేదు. చూసి చూసి, "నీ కనుబొమలో ఆ మచ్చ ఎప్పుడైంది?" అన్నాడు.

అక్క ఉలిక్కిపడింది. "ఇదా? చిన్నప్పుడు మెట్ల మీద పడ్డాను. పెళ్లినాటికే ఉంది. ఇన్నేళ్లూ చూడలేదా? మరి ఎవర్ని చూశారండీ ఇన్నాళ్లూ?"

పాత అనుమానం మళ్లీ తొంగి చూసిందని నేను గతుక్కుమన్నాను. బావ మాత్రం తడబడలేదు.

"ఎవర్నీ చూడలేదు" అన్నాడు. "కళ్లెత్తితే ఎవర్ని చూస్తున్నారని అడిగేదానివి కదా. అందుకని చూడటమే మానేశాను. దాంతో నిన్ను చూడటం కూడా పోయింది."

 షెడ్డులో భోజనాలు అయినట్టున్నాయి, సుత్తి దెబ్బలు మళ్లీ మొదలయ్యాయి. అక్క చేత్తో జుట్టు వెనక్కి తోసుకుని, మచ్చ కనిపించేలా మొహం వెలుతురు వైపు తిప్పింది.

"ఇప్పుడు చూడండి" అంది.

బావ గరుకు కాగితం తీసుకుని, బానెట్ మీది ఆవిడను ముక్కు దగ్గర నుంచి చెరపడం మొదలుపెట్టాడు. నేను పెట్టె తీసుకుని ముందు వైపుకు వచ్చేశాను.