ఎడమవైపు కుట్టు

మొన్న బొమ్మనహళ్ళిలో మా కోడలు పనిచేసే గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకు రొమ్ము పరీక్షలు చేశారట. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ, మగవాళ్ళు వింటున్నారన్న జంకు లేకుండా ఆ సంగతులన్నీ తను చెబుతుంటే, నాకు మా అక్క గుర్తొచ్చింది.

మన రోజుల్లో జ్వరమొస్తే వీధంతా తెలిసేది గాని, రవిక కింద ఏం జరిగినా అక్కడే అణిగిపోవాలి. నేనప్పట్లో బళేపేటలో గాజుల కొట్టు పైన చిన్న గదిలో రవికలు కుట్టేదాన్ని. ఊరికి ఆ చివరన యలహంకలో తన వీధి మొదట్లోనే టైలరున్నా, అక్క రెండు బస్సులు మారి నా దగ్గరికే వచ్చేది. ఆ ఏడాది వచ్చినప్పుడల్లా ఎడమవైపు మాత్రం కొంచెం వదులు చేయమనేది. ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చని రవిక లోపల రెండు మూడు కుట్లు అదనంగా వేసి ఉంచుతామని మీకు తెలిసిందే కదా, మొదటిసారి ఒకటి విప్పాను, రెండు నెలలకు రెండోది. మూడోదీ విప్పుతూ, ఏం తింటున్నావే, ఒక పక్కే ఒళ్ళు చేస్తున్నావని వేళాకోళమాడాను. అక్క నవ్వలేదు. హుక్కుల డబ్బా మూత తీస్తూ పెడుతూ కాసేపు కూర్చుని, బస్సు వేళయిందంటూ వెళ్ళిపోయింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఎందరికో కొలతలు తీసిన నాకు ఒళ్ళు ఒక పక్కే పెరగదని తట్టలేదు.

చివరికి పైట మీద మరక చూసి బావ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రొమ్ము పూర్తిగా తీసేశారు. జబ్బు చంకలోకి కూడా పాకిందని, బాగా ఆలస్యమైందని డాక్టరమ్మ చెప్పింది. కట్టు మార్చేటప్పుడు నేనే పక్కనున్నాను, చదునైపోయిన ఆ చోటు చూశాను. ఒక్క మాట ముందే చెప్పకూడదా అని ఏడుస్తూనే కోప్పడ్డాను.

“నోటితో చెప్పేకి సిగ్గయితాండె. అందుకే రవిక నీ చేతికిస్తాంటి. నువ్వన్నా ఎందుకని అడుగుతావని చూస్తాంటి గదమ్మీ,” అంది అక్క.

ఆ తర్వాత పది నెలలే ఉంది.

ఇప్పటి పిల్లలు ఆ జబ్బు మాటను జలుబు గురించి చెప్పినంత మామూలుగా చెప్పుకుంటున్నారు. సంతోషమే, కాస్త అసూయ కూడా. మా అక్క తన భయం చెప్పుకోవడానికి ఇంత పెద్ద ఊళ్ళో నన్నొక్కదాన్నే ఎంచుకుని మూడుసార్లు వచ్చింది. నేను మూడుసార్లూ కుట్టు విప్పి పంపించాను.