మాగ్నెటోలో దొరికిన ఆకుపచ్చ దారం

మెషిన్‌ను వెనక్కి తిప్పుతూ కాయిల్ మీది తీగను చుట్టు చుట్టుగా విప్పుతున్నాను. వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ. కాస్త గట్టిగా లాగితే తెగుతుంది, వదులుగా వదిలితే చిక్కుపడుతుంది. పక్కన కౌంటర్ టిక్కు టిక్కుమని చుట్లు లెక్కపెడుతోంది. పాత వార్నిష్ వాసనకు ముక్కు మండిపోతోంది. అన్ని పొరలూ అయ్యాక అడుగున తీగ మొదలును పట్టి కట్టిన దారం కనిపించింది. ఆకుపచ్చ పట్టుదారం, రెండు మెలికల ముడి.

నా చేతులు ఆగిపోయాయి. రోజూ నేను కట్టే ముడే అది.

"ఉస్తాద్! జర ఇట్ల రాండ్రి!"

"ఏందే, చెయ్యి గిట్ల కోసుకున్నవా?"

"చెయ్యి కాదు. గిది సూడున్రి. విమానం కాయిల్ల మన దారం ఉన్నది."

ఉస్తాద్ కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూశారు. వేలితో ఆ ముడిని తడిమారు. "నాదే," అన్నారు మెల్లగా. "నా చేతి ముడే."

ఇది రెండేళ్ల కిందటి వానాకాలం సంగతి. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వెళ్లే దారిలో ఒక సందులో మా షాపు. పాత స్కూటర్లకు, మోటార్ సైకిళ్లకు, నీళ్ల మోటార్లకు కాయిల్స్ చుడతాం. ఉస్తాద్ అంటే మా ఓనర్ నర్సింగరావు గారు. పదో తరగతితో చదువు ఆపేసి నేను ఇక్కడ ఊడ్చే పనికి చేరాను. చూస్తూ చూస్తూ చుట్టడం నేర్చుకున్నాను. ఆయన చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి చుట్టేదంతా నేనే.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కాయిల్ లోపల తీగ మొదలును దారంతో కట్టాలి. ఒక్కో ఉస్తాద్‌ది ఒక్కో రంగు. నేర్చుకునేవాళ్లు తమ ఉస్తాద్ రంగే కట్టాలి. "నీ రంగు నువ్వు తెచ్చుకో" అని ఆయన నోటితో చెప్పేదాకా అంతే. నేను ఏళ్లుగా ఆకుపచ్చే కడుతున్నాను.

ఆ కాయిల్ తెచ్చినాయన శామ్యూల్ సార్. సికింద్రాబాద్‌లో ఉంటారు. విమానం ఇంజన్ల రిపేరు నేర్పే కాలేజీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెచ్చారు. మూత తీస్తే ఉప్మా ఉంటుందనుకున్నాను.

"ఏ బండిది సార్ ఇది?"

"బండిది కాదమ్మా. విమానానిది."

"గట్లనా! మరి విమానం ఏడ పెట్టిన్రు సార్? నాంపల్లిల పార్కింగ్ దొరకది."

సార్ పెద్దగా నవ్వారు. ఆ నవ్వుతోనే నాకు ఆయన నచ్చేశారు.

మాగ్నెటో అంటే బ్యాటరీ లేకుండా, తిరుగుతూనే కరెంటు పుట్టించి ప్లగ్గులో నిప్పురవ్వ వేసే డబ్బా. దాని లోపల ఉండేదే ఈ కాయిల్. ప్రైమరీ అని లావు తీగ కొన్ని చుట్లు, దాని మీద సెకండరీ అని సన్న తీగ వేల చుట్లు. ఆ సన్న తీగ ఎక్కడో తెగింది.

"సార్, మీకు ముందే చెప్తున్న," అన్నాను. "ఎగిరే విమానం పని మేం ముట్టుకోం. దానికి పర్మిషన్లు, సర్టిఫికెట్లు వేరే ఉంటయ్."

"ఇది ఎగరదు తల్లీ. కాలేజీ షెడ్డులో ఇనుప స్టాండుకు బిగించి ఉంది. అక్కడే నడుస్తుంది, పిల్లలు చూసి నేర్చుకోవడానికి."

ఆ ఇంజన్ తయారుచేసే కంపెనీ ఎప్పుడో మూతపడిందట. సార్ ఎక్కడెక్కడి దేశాలకో మెయిల్స్ పెట్టారట. కొందరు జవాబే ఇవ్వలేదు, ఇచ్చినవాళ్లు మ్యూజియంను అడగమన్నారు. కనీసం మాన్యువల్ అయినా దొరుకుతుందేమోనని ప్రతి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేశారు.

"ఇంజన్ పుస్తకం అడిగితే అతను నా చేతిలో ఇంజనీరింగ్ ఎంట్రన్స్ గైడ్ పెట్టాడమ్మా. 'చదువు తాతా, సీటొస్తది' అన్నాడు."

నేను నవ్వాను. సార్ మాత్రం ఈసారి నవ్వలేదు.

"అసలు దానికి రెండు మాగ్నెటోలు ఉండాలి. ఒకటి ఎప్పుడో పోయింది. ఉన్న ఈ ఒక్కటీ ఇప్పుడు రవ్వ వేయడం లేదు. వచ్చే సోమవారం ఇంజన్ నడవకపోతే కోసేస్తారు."

"కోసుడేంది సార్, కోడినా అది?"

"నిలువునా కోసి, రంగులు వేసి, లోపలి భాగాలు కనిపించేలా క్లాసులో పెడతారు. అదీ పిల్లల మంచికేలే. కానీ ఎక్కడెక్కడ కోయాలో గీతలు గీయమని నన్నే పిలిచారు." చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి చూపించారు. "నడిపించి చూపిస్తాను, నడిస్తే వదిలేయండి అని బతిమాలాను. నాకు పెళ్లి కాకముందు నుంచి దాని పక్కనే ఉన్నానమ్మా. దాని మీద గీత గీయాలంటే చెయ్యి రావడం లేదు."

అలా ఒప్పుకున్న కాయిల్లోంచే ఆ ఆకుపచ్చ దారం బయటపడింది.

సార్‌కు ఫోన్ చేస్తే ఆ సాయంత్రమే వచ్చారు. ఆ పాత ముడిని ఉస్తాద్ ఆయన అరచేతిలో పెట్టారు. "అప్పట్ల మీ కాలేజీకెంచి ఎవరో పెద్దసారు తెచ్చిండు. నా మీసాలు నల్లగున్నప్పటి ముచ్చట. ఇదిగో, టంకం వేసిన కాడ చిలుము పట్టి తెగింది. పాపం, ముసలిదైంది."

"అప్పట్లో బయటెక్కడో చేయించారని విన్నాను. ఎక్కడో ఎవరికీ తెలియలేదు," అన్నారు సార్. "ఇన్నేళ్లూ ఆ ఇంజన్ చప్పుడులో నేను విన్నది మీ చేతిపనినా!" ఇద్దరూ అలా ఆ దారాన్నే చూస్తూ కూర్చున్నారు. నేను ఇరానీ చాయ్ తెప్పించాను.

ఇక నా తొందర సంగతి. పాత కాయిల్లో పొర పొరకూ మధ్య నూనె కాగితం ఉంది. నేను దాని బదులు ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ ఫిల్మ్ వేశాను. చిరగదు, చెమ్మ పట్టదు, పని తొందరగా అవుతుంది. శుక్రవారానికి కాయిల్ తయారు. టెస్ట్ బెంచి మీద పెట్టి తిప్పితే నీలం రవ్వ చట్ చట్ అని దూకింది. నేనూ దూకాను.

"గరం చేసి చూసినవా?" అన్నారు ఉస్తాద్.

"రవ్వ సూడున్రి ఉస్తాద్, ఎట్ల దుంకుతున్నదో!"

"సల్లగున్నప్పుడు అన్నీ దుంకుతయ్. పెట్టెల పెట్టు."

వేడి పెట్టె అంటే పాత బిస్కెట్ డబ్బాలో బల్బు బిగించి ఉస్తాద్ చేసుకున్నది. కాయిల్‌ను అందులో పెట్టి వేడెక్కనిచ్చి మళ్లీ తిప్పాం. రవ్వ సన్నబడింది, తడబడింది, ఆగిపోయింది. ఫిల్మ్ వార్నిష్‌ను లోపలికి పోనివ్వలేదు. మధ్యలో గాలి మిగిలింది. వేడెక్కగానే కరెంటు ప్లగ్గు దాకా పోకుండా లోపల్లోపలే దూకేస్తోంది. అలాగే పంపించి ఉంటే సోమవారం ఇంజన్ మొదలై, వేడెక్కాక అందరి ముందూ ఆగిపోయేది. సార్ జేబులో సుద్దముక్క గుర్తొచ్చి నాకు కళ్ల నీళ్లు తిరిగాయి.

"ఏడిస్తే వార్నిష్ ఆరదే. కాగితం తెప్పియ్యి. మళ్ల సుడుదాం."

ట్రాన్స్‌ఫార్మర్లు కట్టేవాళ్ల దగ్గర సన్న కాగితం దొరికింది. శనివారం మళ్లీ కూర్చున్నాం. దారం కట్టబోతూ ఆకుపచ్చ రీలు అందుకున్నాను. ఉస్తాద్ దాని మీద చెయ్యి పెట్టేశారు.

"నా దారం కట్టకు."

"మాఫ్ చేయున్రి ఉస్తాద్. ఇంకోపారి గట్ల చెయ్య."

"కోపం కాదే, పిచ్చిదానా. ఇది మంచిగ చుడితే ఇంకా మస్తు ఏండ్లు నడుస్తది. ఆఖరికి ఎవరో ఇప్పుతరు. పచ్చ దారం చూసి నర్సింగరావు ఏడున్నడని నాంపల్లంత తిరుగుతరు. అప్పటికి నేనుంటనా? నువ్వుంటవ్. నీ రంగు కట్టు."

"నాకాడ ఏ రంగు లేదు ఉస్తాద్."

"ఏదన్న ఒకటి ఎంచుకో. ఫికర్ జెయ్యకు."

నా కాటన్ చున్నీ అంచు నుంచి ఒక పోగు లాగాను. వంకాయ రంగు. రెండు మెలికలు వేసి ముడి బిగించాను. తర్వాత ఉస్తాద్ వణికే చేతులతోనే ఒక్కో కాగితం అందించారు, నేను చుట్టాను. వార్నిష్ తాగించి ఆరబెట్టాం. ఆదివారం వేడి పెట్టెలో ఎంతసేపు ఉంచినా రవ్వ తగ్గలేదు.

సోమవారం సార్ మా ఇద్దరినీ కాలేజీకి తీసుకెళ్లారు. షెడ్డు నిండా పిల్లలు, ముందు ప్రిన్సిపాల్ గారు. సార్ మాగ్నెటో బిగించి, ఇంజన్ ముందున్న ఫ్యాన్ రెక్కను చేత్తో తిప్పి చటుక్కున వెనక్కి జరిగారు. ఏమీ కాలేదు. మళ్లీ తిప్పారు. ఇంజన్ ఒకసారి దగ్గి ఆగింది. నేను ఉస్తాద్ చొక్కా పట్టుకున్నాను. మూడోసారి తెల్లటి పొగ గుప్పుమంది, ఇంజన్ అందుకుంది. షెడ్డు రేకులన్నీ అదిరాయి. పిల్లల ఈలలు పెదాల మీద కనబడుతున్నాయి కానీ వినబడడం లేదు.

నేను మాత్రం వేడెక్కేదాకా ఊపిరి తీసుకోలేదు. వేడెక్కింది. ఆగలేదు.

సార్ ఉస్తాద్ చెయ్యి పట్టుకుని ఇంజన్ వెనుక వైపు తీసుకెళ్లి, స్టాండు కమ్మీ మీద ఆనించారు. కమ్మీ అదురుతోంది. ఆ అదురులో ఉస్తాద్ చేతి వణుకు ఎక్కడా కనబడలేదు. కళ్లు మూసుకుని అలాగే నిలబడ్డారు.

ఇంజన్ ఆపాక ప్రిన్సిపాల్ గారు, "దీన్ని ఎట్లా కోస్తాం సార్? ఉండనివ్వండి," అన్నారు. సార్ జేబులోంచి సుద్దముక్క తీసి ఆయన చేతిలో పెట్టారు. "బోర్డు మీదికి పనికొస్తుంది, ఉంచండి."

చల్లగా ఉన్నప్పుడు పనిచేసిందని ఏ కాయిల్‌నీ ఇప్పుడు నేను షాపు దాటనివ్వను. ఇక ఆ దారం కట్టేది ఉస్తాద్ పేరు గొప్ప కోసమని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదట, రేపు కాయిల్ విప్పినవాళ్లకు, అడగడానికి ఇక్కడ ఒక మనిషి ఉందని చెప్పడానికట.

మర్నాడు పొద్దున షాపు తాళం తీయకముందే అబిడ్స్ వెళ్లాను. దారాల దుకాణం అప్పుడే షట్టర్ ఎత్తుతున్నారు. చున్నీ అంచు కౌంటర్ మీద పరిచి, "అన్నా, గీ రంగు పట్టుదారం కావాలె. తేడా రావద్దు," అన్నాను. అతను తెచ్చిన రీళ్లన్నీ ఒక్కొక్కటే వెలుగులో పట్టి చూసి, కలిసిన రంగు కొనుక్కున్నాను.